యు.ఎం.డి. బిళ్ళ నెగ్గిందా, ఓడిందా?

లెక్కల్లో 90 మార్కులు, సోషల్‌లో 20 మార్కులు తెచ్చుకున్న విద్యార్థిని ఏమంటారు? ఒక్క మాటలో చెప్పడం కష్టం కదూ! యంత్రాల చరిత్రలో కూడా అలాంటిది ఒకటుంది. దాని పేరు యూనివర్సల్ మీడియా డిస్క్, పొట్టిగా యు.ఎం.డి.

జపాన్‌కు చెందిన సోనీ సంస్థ 2004 డిసెంబరులో ప్లేస్టేషన్ పోర్టబుల్ అనే, చేతిలో పట్టుకొని ఆడుకునే యంత్రాన్ని విడుదల చేసింది. అందులో పెట్టడానికే ఈ బిళ్ళను తయారుచేశారు.

చిన్న బిళ్ళలో అంత సమాచారమా?

సి.డి. వ్యాసం 120 మిల్లీమీటర్లు. దీనిది 60. వ్యాసం సగమైతే వైశాల్యం సుమారు నాలుగో వంతే కదా! అయినా రెండు పొరల యు.ఎం.డి.లో 1.8 గిగాబైట్లు పడతాయి. ఇది సి.డి.లో పట్టేదానికి రెండు రెట్లకు పైనే. ఎలాగంటారా? బిళ్ళ మీద సమాచారం కంటికి కనబడని గుంటల రూపంలో ఉంటుంది. వాటిని లేజరు కిరణం చదువుతుంది. సి.డి.ని చదివే కిరణం తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు; దీన్ని చదివేది 660. తరంగదైర్ఘ్యం తగ్గితే మరింత చిన్న గుంటలను, మరింత దగ్గర దగ్గరగా ఉన్నా చదవవచ్చు.

రెండు పరీక్షలు

మొదటి పరీక్ష ఆటలు. ఆ యంత్రాలు ఏడు కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. దుకాణాల్లో వాటి ఆటలు ఈ బిళ్ళల మీదే దొరికేవి. బిళ్ళను తిప్పే మోటారు బ్యాటరీని కొంత తినేసినా, ఇందులో యు.ఎం.డి. నెగ్గినట్టే.

రెండో పరీక్ష సినిమాలు. 2005లో సినిమా బిళ్ళలు కూడా వచ్చాయి. కాని ఇంట్లోని డి.వి.డి. ప్లేయరులో అవి పట్టవు. అదే సినిమా ఇంట్లో చూడాలంటే డి.వి.డి. మళ్ళీ కొనాలి. ఒకే సినిమాకు రెండుసార్లు డబ్బు ఎవరిస్తారు? 2006లోనే కొన్ని సినిమా సంస్థలు వెనక్కి తగ్గాయి. 2009లో సోనీయే బిళ్ళ పెట్టే చోటు లేని కొత్త నమూనాను తెచ్చింది. కొన్న బిళ్ళలు అందులో పనికిరాలేదు!

పేరులో "యూనివర్సల్" ఉన్నా, దాని తాళంచెవి ఒక్క సంస్థ చేతిలోనే ఉండిపోయింది. ఆ సంస్థ దారి మార్చుకుంటే నష్టపోయేది కొన్నవారే.

కాబట్టి ఏ వస్తువైనా నెగ్గిందా, ఓడిందా అని ఎవరైనా అడిగితే, వెంటనే జవాబు చెప్పకండి. "ఏ పనిలో? ఎవరికి?" అని ముందు మీరు అడగండి.