అరగంట నీళ్ల ఆస్తి

"ఒయాసిస్సుల మీద ముఖచిత్ర కథనం కావాలి. ఎడారి, ఊట, ఖర్జూర తోటలు, పాత కోటలు. ఫొటోలు అదిరిపోవాలి" అన్నారు ఎడిటర్‌ గారు. గోదావరి గట్టున పుట్టినవాడికి ఎడారి అప్పగించారేంటండీ అంటే, "అందుకే మీకిచ్చింది. గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి" అని ఫోను పెట్టేశారు.

ఆత్రేయపురం వాడికి గల్ఫ్‌ మరీ పరాయి చోటేం కాదు. కోనసీమలో ఏ అరుగు మీద అడిగినా మస్కట్‌లోనో కువైట్‌లోనో ఉన్న మనిషి పేరు దొరుకుతుంది. ఇక్కణ్ణుంచి పూతరేకుల పెట్టెలు వెళ్తాయి, అక్కణ్ణుంచి ఖర్జూరం పొట్లాలు వస్తాయి. మస్కట్‌లో డ్రైవరు పని చేసే మా బాబాయి కొడుకు దగ్గర దిగాను. "పెద్ద మాల్‌ కట్టారన్నయ్యా, చూపిస్తాను. ఆ మట్టి కోటల్లో ఏముంది?" అన్నాడు వాడు.

ఒయాసిస్‌ మీద నాకూ పెద్ద గురి లేదు. క్యాలెండరు బొమ్మల్లో చూశాం కదా: ఇసుక తిన్నెల నడుమ నీలం మడుగు, గట్టున నాలుగు ఖర్జూర చెట్లు, ఓ ఒంటె. అంతా దేవుడిచ్చిన వరమన్నట్టు ఉంటుంది. ఆ నీళ్లు ఎవరివి, ఎవరు ముందు తోడుకోవాలి, చివర ఉన్నవాడి గతేంటి అన్నది ఏ బొమ్మలోనూ ఉండదు. డెల్టా మనిషికి ముందు తట్టేది అదే.

మస్కట్‌ నుంచి నిజ్వా దారిలో, హజర్‌ కొండల కింద బిర్కత్‌ అల్‌ మౌజ్‌ అనే ఊరుంది. వెనక కొండవాలు మీద పాడుబడ్డ మట్టి ఇళ్లు, ముందు ఖర్జూర తోటలు, మధ్యలో బైత్‌ అల్‌ రుదైదా అనే కోట. దాని పక్కనుంచి పారే కాలువ పేరు ఫలజ్‌ అల్‌ ఖత్మీన్‌. కొండ అడుగున ఊరే నీటిని సొరంగం తవ్వి, వాలు తప్పకుండా, మోటారు ఊసు లేకుండా ఊళ్లోకి నడిపించే కాలువే ఫలజ్‌. రాయలసీమ వాళ్లకి చెబితే, ఊటకాలువే కదా అని ఠక్కున పట్టేస్తారు. ఇలాంటివి ఒమాన్‌లో ఇంకా 3,000 దాకా పారుతున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఖత్మీన్‌ అందులో ఒకటి.

ఈ కాలువ ఒకచోట మూడు పాయలవుతుంది. మూడింట్లోకీ వెళ్లే నీరు సమానం. మూడు బంతులు ఒకేసారి వదిలితే మూడూ ఒకేసారి చివరికి చేరతాయని గొప్పగా చెబుతారు. బంతుల్లేక మావాడు మూడు ఎండుటాకులు వదిలాడు. రెండు పోటీ పడి వెళ్లాయి, మూడోది గోడకి అతుక్కుపోయింది. "ఆయ్‌, ఇది మన శివారు రైతన్నయ్యా" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ మాట నిజం. బొబ్బర్లంక దగ్గర మొదలయ్యే మధ్యడెల్టా కాలువ మా మండలంలోనే లొల్ల లాకుల దగ్గర పాయలుగా చీలుతుంది. సినిమావాళ్లకి అది షూటింగు స్పాటు. మాకు మాత్రం ఇనుప తలుపులు, వాటిని ఎత్తి దించే లస్కరు, ఏ తలుపు ఎంత ఎత్తారన్న తగువు. దాళ్వాలో, అంటే రబీ పంటకి, గోదారి సన్నబడి సీలేరు నీళ్ల మీద ఆధారపడ్డ ఏడాది వంతులు మొదలవుతాయి. వంతు ఉందని పేపర్లో చదువుతాం. నీళ్లు మన బోదెలోకి ఎన్ని గంటలకి వస్తాయో మాత్రం శివారు రైతుకి ఎవరూ చెప్పరు.

ఖత్మీన్‌ గట్టున లస్కరూ లేడు, ఇనుప తలుపూ లేదు. తోటలోకి తిరిగే చోట గుడ్డ చుట్టిన రాయి ఒకటి అడ్డం ఉంటుంది, అంతే. వంతు రాగానే ఆ రాయి తీస్తారు, అవగానే పెట్టేస్తారు. మేం చూస్తుండగా తీసింది బంగ్లాదేశ్‌ కుర్రాడు. తోట ఒమానీ యజమానిది, చాకిరీ ఇతనిది. చేతి గడియారం చూసుకుని రాయి లాగి, కాలితో చెత్త తోసి, నీరు రెండో చెట్టు పాదు దాటేదాకా పారతో పక్కనే నిలబడ్డాడు.

ఆ గడియారమే ఈ కథనానికి ప్రాణం. అక్కడ నీటిని ఘనపుటడుగుల్లో కొలవరు, కాలంలో కొలుస్తారు. 'అథర్‌' అంటే సుమారు అరగంట నీళ్లు. 24 అథర్లు ఒక 'బద్దా', అంటే 12 గంటలు. ఊళ్లో అందరి వాటాలూ తిరిగి మొదటివాడికి రావడానికి ఎన్ని రోజులు పట్టాలన్నది ఒక్కో ఫలజ్‌కి ఒక్కో లెక్క. ఈ అథర్లు ఆస్తి. తండ్రి నుంచి పిల్లలకి వస్తాయి. భూమి అమ్ముకుని నీళ్లు ఉంచుకోవచ్చు, నీళ్లు అమ్ముకుని భూమి ఉంచుకోవచ్చు. మసీదుకి రాసిచ్చిన అథర్లుంటాయి. ఫలజ్‌ పేరు మీదే కొన్ని ఉంటాయి. వాటిని వేలం వేసి, ఆ డబ్బుతో పూడిక తీయిస్తారు, గోడలు కట్టిస్తారు. కాలువ మరమ్మతుకి కాలువే సంపాదించుకుంటుందన్న మాట! బిల్లు మంజూరు కోసం ఎదురుచూసే మనకి ఇది వింతే.

చేతి గడియారాలు రాకముందు పగలు నీడతో లెక్క. బయల్లో ఒక కర్ర పాతి, దాని నీడ దాటే చోట్ల రాళ్లు పెట్టేవారు. నీడ ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకి జరిగితే ఒకరి వంతు అయినట్టు. మబ్బు పట్టిన రోజు తగువులు రాకుండా ఉంటాయా! రాత్రి వంతు నక్షత్రాలతో. ఫలానా చుక్క ఫలానా కొండ అంచు మీదికి ఎక్కగానే రాయి తీయాలి. ఇంగ్లిషు పరిశోధకురాలు హారియెట్‌ నాష్‌ ఊరూరా తిరిగి ఈ చుక్కల లెక్కలు సేకరించి 2011లో పుస్తకం వేశారు. అప్పటికే చుక్కలు చూసి నీరు పెట్టే ఊళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి.

వంతుల లెక్క చూసేవాణ్ణి అరీఫ్‌ అంటారు. మన పాత చెరువుల కింద నీరుగంటి చేసిన పనే ఇది. నీళ్లు తగ్గిన ఏడాది కోత ఎక్కడ పడుతుందో ముందే తేల్చిపెట్టి ఉంటుంది. కాలువ పైభాగంలో తాగునీరు అందరిదీ, దానికి వాటా లేదు, డబ్బు లేదు. తర్వాత మసీదు, స్నానాల గదులు. ఆ కింద ఖర్జూర తోటలు. అన్నిటికన్నా చివర గోధుమ, పశుగ్రాసం లాంటి పైర్లు. కరువొస్తే చివరివి మానేస్తారు, చెట్టుకి మాత్రం వంతు తప్పదు. మనం సరిగ్గా తిరగేసి చేస్తాం. దాళ్వాకి ముందు ఎకరాలన్నీ నాటేసి, తర్వాత నీళ్లు వెతుకుతాం.

అలాగని దీన్నొక ధర్మరాజ్యంగా ఒప్పుకోను. అథర్లు ఎక్కువున్న కుటుంబం ఊరి పెద్ద, లేనివాడు వేలంలో కొనుక్కోవాలి. ఇది సమానత్వం కాదు, తప్పిపోని లెక్క. పేదవాడికి కూడా తన అరగంట ఎప్పుడొస్తుందో తెలుసు. నన్ను ఆకట్టుకున్నది అంతవరకే.

చరిత్ర కూడా రాయాలి కదా, గబగబా చెప్పేస్తాను. ఒమాన్‌లో సాగునీటి ఆనవాళ్లు క్రీ.పూ. 2500 నాటికే ఉన్నాయంటారు, ఫలజ్‌లు క్రీ.శ. 500 ప్రాంతానివి కావచ్చు. ఊళ్లో చెప్పే కథ వేరు: సులేమాన్‌ ప్రవక్త పది రోజులు ఆగి, జిన్నులతో రోజుకి వెయ్యి చొప్పున తవ్వించాడట. మనకి కాటన్‌ దొర 1847లో మొదలుపెట్టి ధవళేశ్వరం ఆనకట్ట కట్టడానికి ఐదేళ్లు పట్టింది, జిన్నులు దొరకలేదు పాపం. నిజ్వా కోట 17వ శతాబ్దంలో ఇమాం సుల్తాన్‌ బిన్‌ సైఫ్‌ కట్టించింది. బహ్లా మట్టికోట 1987లో యునెస్కో జాబితాకెక్కింది, మరుసటి ఏడాదే ప్రమాదంలో ఉన్నవాటిలో చేరి 2004లో బయటపడింది. బాత్‌, అల్‌ ఐన్‌ దగ్గరి రాతి సమాధులు క్రీ.పూ. మూడో సహస్రాబ్దివి.

ఆగిన ఊటలు
సౌదీలోని అల్‌ అహ్సా ఒయాసిస్సులో 25 లక్షల ఖర్జూర చెట్లున్నాయి. 2018లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. ఒకప్పుడు అక్కడి బుగ్గలు వాటంతటవే పొంగేవి. బోర్లు దించి తోడేసరికి భూగర్భంలో ఒత్తిడి పడిపోయి, 1990ల నాటికి ఆ పొంగు ఆగిపోయింది. ఇప్పుడు మోటార్ల నీళ్లు, శుద్ధి చేసిన మురుగునీళ్లతో తోటలు బతుకుతున్నాయి. బొమ్మలో పచ్చదనం మాత్రం అలాగే ఉంటుంది.

మన ర్యాలి ఊట
ఊటా, పాత గుడీ కావాలంటే ఆత్రేయపురం మండలంలోనే ర్యాలి ఉంది. ఒకే నల్లరాతిలో ముందు కేశవస్వామి, వెనక జగన్మోహిని. స్వామి పాదాల దగ్గర నీరు ఊరుతూనే ఉంటుంది. ఎదురుగా ఉమా కమండలేశ్వరుడి గుడిలో అభిషేకం నీళ్లు ఎటు పోతాయో కనిపించవని చెబుతారు. గౌతమికీ వశిష్ఠకీ నడుమ ఉన్న నేలలో నీరు ఊరడం వింత కాదని నా అభిప్రాయం. వెనకవైపు మోహిని జడ, పాదాల వరకూ చెక్కిన తీరు మాత్రం నిజంగా వింతే.

వెళ్లేవాళ్లకి
నవంబరు నుంచి మార్చి దాకా అనువైన కాలం. శుక్ర, శనివారాలు అక్కడ సెలవు కాబట్టి మీవాళ్లకీ తీరిక ఉంటుంది. శుక్రవారం పొద్దున్నే నిజ్వా మేకల సంత చూసి, బహ్లా కోట తిరిగి, వెనక్కి వచ్చేటప్పుడు బిర్కత్‌ అల్‌ మౌజ్‌లో ఆగండి. గుడ్డ చుట్టిన రాళ్లని కదపకండి, ఎవరి వంతో నడుస్తూ ఉంటుంది. నీళ్లలో కాళ్లు పెట్టాలనిపిస్తే తోటల దగ్గరికి దిగి పెట్టండి. పైన పారేవి తాగే నీళ్లు.