ముగ్గురెక్కితే మోటారు సైకిలు కంటే చవక!
గుంటూరు దారిలో చిన్న కారు లెక్క

(మా విలేఖరి)

పొన్నూరు: ఉదయం ఏడు గంటలకు గుంటూరు రోడ్డు పక్కన నిలబడితే చాలు, ఈ ప్రాంతం నుంచి పట్నానికి రోజూ ఎంతమంది పోయి వస్తున్నారో తెలుస్తుంది. చేబ్రోలు మీదుగా గుంటూరు సుమారు 30 కిలోమీటర్లు. బడిపంతుళ్లు, ఆస్పత్రి సిబ్బంది, మిర్చి యార్డు గుమాస్తాలు, కొట్లలో లెక్కలు రాసేవారు వెనుక బస్సునో, నిడుబ్రోలు స్టేషన్లో రైలునో నమ్ముకునేవారు. తరువాత మోటారు సైకిళ్లు వచ్చాయి. ఇప్పుడు వీరిలో పలువురి చూపు చిన్న కారు మీద పడింది.

ఇందుకు ఒక కారణం ధర తగ్గటం. నాలుగు మీటర్ల పొడవు, 1200 సీసీ మించని పెట్రోలు కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 29 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18 శాతమైంది. అంటే కారు ధరలో నూటికి ఎనిమిదిన్నర మేర తగ్గాలి. ధర తగ్గిందని షోరూముకు పోతున్నవారు నెల నెలా అయ్యే ఖర్చు సంగతి మాత్రం కారు ఇంటికొచ్చాక గానీ చూడటంలేదు. ఈ విలేఖరి ఇంటి మనిషి ఒకరు ముందే చూశారు. ఆ లెక్క నలుగురికీ పనికొస్తుందని ఇక్కడ రాయటం జరుగుతోంది.

మంచులో ట్రాక్టరు

ఆయన నాకు బావమరిది. గుంటూరులో ఒక కొట్లో లెక్కలు రాస్తాడు. జీతం 26 వేలు. తొమ్మిదేళ్లుగా మోటారు సైకిలు మీదే రాకపోకలు. ధనుర్మాసంలో ఒకనాడు తెల్లవారుజామున మంచు దట్టంగా పట్టింది. ముందు వడ్ల బస్తాల ట్రాక్టరు పోతోంది. ట్రక్కు వెనుక దీపం లేదు, ఎర్ర రేకు కూడా లేదు. దగ్గరకు వచ్చేదాకా కనపడలేదు. తల దక్కింది గానీ కుడికాలు రెండుచోట్ల విరిగింది. రాడ్డు వేశారు. మూడు నెలలు మంచం.

కాలు కూడుకుని మళ్లీ కొట్టుకు పోయే రోజు వచ్చేసరికి అతని భార్య అడ్డం పడింది. "అప్పయితే అయింది అన్నయ్యా, ఇంక ఆ బండి మీద మటుకు పంపను" అన్నది. బావమరిది సెల్‌ఫోనులో ఎర్రకారు బొమ్మ ఒకటి చూపించి, "లీటరుకు ఇరవై నాలుగు ఇస్తుందంట బావా" అన్నాడు. గోడకున్న పాత క్యాలెండరు కాగితం చింపి, వెనుక వైపు లెక్క మొదలుపెట్టాం.

ఇరవై నాలుగు ఎక్కడిది?

కార్ల ప్రకటనల్లో వేసే మైలేజీ అంకె ఉత్త అబద్ధమేమీ కాదు. పూణేలోని ఏఆర్‌ఏఐ వంటి పరీక్షా సంస్థలు కారును రోలర్ల మీద నిలబెట్టి, ఇంత వేగం, ఇంత సేపు అని ముందే నిర్ణయించిన పద్ధతిలో నడిపి తేల్చే అంకె అది. అక్కడ ఎదురుగాలి ఉండదు. గేదెలు అడ్డం రావు. నల్లరేగడి నేలలో ఏటా కుంగే రోడ్డు ఉండదు. అన్ని కార్లనూ ఒకే తీరున పరీక్షిస్తారు కనుక ఈ కారుకూ ఆ కారుకూ పోలిక చూడటానికి ఆ అంకె పనికొస్తుంది. ఇంటి ఖర్చు రాసుకోవటానికి పనికిరాదు. ఏసీ వేసి, మనుషులను ఎక్కించుకుని, ఊళ్లు దాటుకుంటూ పోయే దారిలో 24 అన్న కారు 18 నుంచి 20 ఇచ్చినా మంచిదే.

మరో సంగతి. బంకుల్లో ఇప్పుడు పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2023 ఏప్రిల్ తరువాత తయారైన కార్లు దీనికి తట్టుకునేట్లు చేసినవి. అంతకు ముందువాటిలో మైలేజీ ఆరేడు శాతం పడిపోవచ్చని నీతి ఆయోగ్ నిపుణుల సంఘం 2021లోనే అంచనా వేసింది. పాత కారు కొనేవారు ఈ తరుగు కూడా తీసేసి చూసుకోవాలి.

కొత్త కారు లెక్క ఇలా తేలింది

రానుపోను 60 కిలోమీటర్లు. నెలకు 25 రోజులు. మొత్తం 1,500 కిలోమీటర్లు. లీటరు పెట్రోలు 110 రూపాయలనుకుందాం. లీటరుకు 20 కిలోమీటర్ల చొప్పున 75 లీటర్లు, 8,250 రూపాయలు.

ఇక కారు. షోరూములో అయిదు లక్షలన్నది జీవిత పన్ను, బీమా కలిసి రోడ్డెక్కేసరికి ఆరు లక్షలకు అటూ ఇటూ అవుతుంది. రెండు లక్షలు చేతి నుంచి కట్టి నాలుగు లక్షలు అప్పు తెస్తే, తొమ్మిదిన్నర శాతం వడ్డీకి అయిదేళ్ల పాటు నెలకు 8,400. ఏడేళ్లకు పెట్టుకుంటే వాయిదా ఆరున్నర వేలకు దిగుతుంది గానీ, లక్షా నాలుగు వేలు కట్టాల్సిన వడ్డీ దాదాపు లక్షన్నర అవుతుంది.

అయిదేళ్ల వాయిదా, పెట్రోలు కలిపి 16,650. జీతంలో మిగిలేది 9,350. అందులోనే పిల్లల ఫీజులు, బియ్యం, ఉప్పు, పప్పు, అతని తల్లి మందులు. కాగితం మీద ఆ అంకె పడగానే బావమరిది సెల్‌ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

గ్యాసు, కరెంటు సంగతి

సీఎన్‌జీ కూడా చూశాం. చిన్న కారు కిలో గ్యాసుకు రోడ్డు మీద 26 కిలోమీటర్లు వస్తుందనుకుంటే నెలకు 58 కిలోలు. కిలో 95 రూపాయల లెక్కన 5,500. పెట్రోలు మీద 2,750 ఆదా. అయితే గ్యాసు కారు కొనేటప్పుడే ఎక్కువ ధర పెట్టాలి. డిక్కీలో చోటు సిలిండరు తినేస్తుంది. మూడేళ్లకొకసారి సిలిండరును పరీక్ష చేయించాలి. అన్నింటికంటే ముందు మనం పోయే దారిలో గ్యాసు బంకు ఉందా, అక్కడ వరుసలో ఎంతసేపు నిలబడాలి అన్నది స్వయంగా పోయి చూసుకోవాలి. గ్యాసు ఖర్చు తగ్గుతుందని వంటింటి సిలిండరు కారులో పెట్టేవారు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. అది నేరం, పైగా ప్రాణాలతో చెలగాటం.

కరెంటు కారు ఖర్చు వింటే ఎవరికైనా నోరూరుతుంది. రోజుకు 60 కిలోమీటర్లకు ఎనిమిది, తొమ్మిది యూనిట్లు చాలు. ఇంటి వాడకం మీద ఇది అదనంగా పడి పై శ్లాబులోకి వెళ్లినా, యూనిట్ తొమ్మిది రూపాయల లెక్కన నెలకు రెండు వేలకు అటూ ఇటూ అవుతుంది. కాకపోతే పెట్రోలు కారు మీద ధర లక్షల్లో ఎక్కువ. రాత్రి కరెంటు పోతే తెల్లారి బండి కదలదు. చేతిలో సొమ్ము ఉండి, రోజూ ఒకే దూరం తిరిగేవారికి ఇది మంచిదే. మా బావమరిదికి ఆ సొమ్ము లేదు.

డీజిలు మాట ఎత్తనవసరం లేదు. 2020 ఏప్రిల్లో కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాక చిన్న కార్లలో డీజిలు దాదాపు కనుమరుగైంది.

రేకు పలచన, ప్రాణం విలువ

మైలేజీ రావాలంటే బండి తేలికగా ఉండాలి. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కినప్పుడు అంబాసిడరుకు అలవాటుపడిన జనం దాన్ని అగ్గిపెట్టె అన్నారు. ఆ అగ్గిపెట్టే 2014 దాకా తయారైంది, మధ్యతరగతి వారిని కారెక్కించింది. 2009లో అమ్మకానికి వచ్చిన లక్ష రూపాయల నానో మాత్రం 2018కే ఆగిపోయింది. ఇవాళ పాత నానో చవగ్గా దొరుకుతోందని ఎగబడేవారు విడి భాగాల సంగతి కనుక్కోవటం మంచిది.

కాలు విరిగినందుకు కారు కొంటున్నప్పుడు గట్టిదనం కూడా చూడాలి కదా. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ కార్లను ఢీకొట్టించి నక్షత్రాలు ఇస్తుంది. 2023లో పెద్దల రక్షణ విషయంలో వేగన్‌ఆర్‌కు ఒకటి, ఆల్టో కె10కు రెండు వచ్చాయి. 2020లో టాటా టియాగోకు నాలుగు వచ్చాయి. ఇవన్నీ రెండు ఎయిర్‌బ్యాగులున్న బండ్లకు జరిగిన పరీక్షలు. ఆ తరువాత చిన్న కార్లలో ఎయిర్‌బ్యాగులు పెరిగాయి. కొత్తది కొనేవారు మైలేజీతో పాటు నక్షత్రాలెన్ని అని కూడా అడగాలి. బెల్టు పెట్టుకోకుండా ఎన్ని సంచులుంటే ఏం?

మన రోడ్లకు కారు కింది భాగం నేలకు ఎంత ఎత్తున ఉందన్నదీ ముఖ్యమే. చిన్న కార్లలో ఇది 165 నుంచి 185 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. నలుగురెక్కితే ఇంకా దిగుతుంది. పొలం గట్టు దారి ఉన్నవారు ఎక్కువ ఎత్తున్నదే చూసుకోవాలి.

పాత కారు, పాత దెబ్బ

చివరకు పాత కారు వైపు మొగ్గాం. ఈ విషయంలో ఈ విలేఖరికి అనుభవం ఉంది, చేదుదే. ఏడేళ్ల కిందట ఒకాయన దగ్గర పాత కారు కొన్నాను. తీరా ఆర్‌సీ నా పేరుకు మార్పించబోతే దాని మీద ఫైనాన్సు అప్పు తీరలేదని తేలింది. అమ్మినాయన ఫోను తీయలేదు. ఆ బాకీ నేనే కట్టాల్సి వచ్చింది.

అందుకని ఈసారి ముందు కాగితాలే చూశాం. ఫైనాన్సు వారి ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చాకే బేరం. 29, 30 ఫారాల మీద సంతకాలయ్యాకే పూర్తి డబ్బు. బండి నంబరు మీద చలానాలు ఉన్నాయేమో ఫోనులోనే చూసుకోవచ్చు. రిజిస్ట్రేషను 15 ఏళ్లకే కనుక ఇంకా ఎన్నేళ్లు మిగిలాయో లెక్కపెట్టుకోవాలి. తెలంగాణ బండి అయితే అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడి పన్ను అదనం.

తరువాత నీటి సంగతి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదకు విజయవాడలో కార్లు లెక్కలేనన్ని మునిగాయి. అలాంటివి కడిగి, తుడిచి, రంగు వేసి అమ్మితే పైకి కనిపెట్టలేం. మా మెకానిక్ చెప్పిన కిటుకు ఏమంటే, సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి. మునిగిన బండి అయితే బెల్టు మొదట్లో బురద చార ఉంటుంది. కింద పరిచిన తివాచీ ఎత్తి ముక్కు పెట్టి వాసన చూడాలి. సీటు బోల్టులు తుప్పుపట్టి ఉన్నాయా చూడాలి. మొదట చూసిన కారులో ఆ చార కనపడింది. మాట్లాడకుండా వచ్చేశాం.

రెండో కారు 2018 నాటి ఆల్టో 800. ఒకే చేతి మీద తిరిగింది. 2023లో ఈ మోడలు ఆపేశారు గానీ విడి భాగాలకు లోటు లేదు, ఏ ఊళ్లో మెకానిక్కయినా బాగు చేయగలడు. ధర 2 లక్షల 20 వేలు. లక్షా ఇరవై వేలు దాచుకున్నది ఉంది. మిగతా లక్షకు చీటీ పాడాడు. నెలకు అయిదు వేలు కట్టాలి.

ముగ్గురి లెక్క

లీటరుకు 18 కిలోమీటర్లయినా 1,500 కిలోమీటర్లకు 83 లీటర్లు, 9,170 రూపాయలు. ఒక్కడే కూర్చుని పోతే ఇది మళ్లీ జీతం తినే లెక్కే. ఇక్కడే క్యాలెండరు కాగితం మీద అసలు అంకె పడింది. ముగ్గురు పంచుకుంటే తలకు 3,055. లీటరుకు 50 ఇచ్చే మోటారు సైకిలు మీద ఒంటరిగా పోయినా నెలకు 3,300 అవుతుంది!

తోడుకు ఊళ్లో అడిగాం. ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ నవ్వి, బస్సు ఉచితం కదా, కారెందుకు అన్నది. నిజమే, 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్టు లేదు. ఆడవారి ఉద్యోగం కోసం కారు కొనబోయేవారు ముందు ఆ బస్సు వేళలు చూసుకోవాలి. చివరకు మిర్చి యార్డులో పనిచేసే ఒకాయన, ప్రైవేటు బడిలో చెప్పే పంతులు ఒకాయన కలిశారు.

ఇందులో ఒక మెలిక ఉంది. కలిసి పోతూ పెట్రోలు పంచుకోవటం వేరు, తలకింత అని బాడుగ పుచ్చుకోవటం వేరు. తెల్ల బోర్డు కారును బాడుగకు తిప్పితే పర్మిటు లేదని కేసవుతుంది, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అడ్డం తిరుగుతుంది. అందుకని వీరు డబ్బు చేతులు మార్చుకోరు. ట్యాంకు వంతులవారీగా ముగ్గురూ నింపుతారు.

సర్వీసు, టైర్లు, బీమా కలిపి నెలకు రెండు వేల పైచిలుకు బావమరిదే భరించాలి. దాంతో అతనికి పడేది చీటీతో కలిపి పది వేల చిల్లర. జీతంలో పదిహేను వేల పైన ఇంటికొస్తుంది. ఎవరైనా ఒకరు మానుకుంటే ఇద్దరి మీదా 4,585 చొప్పున పడుతుంది. ఆ భయం లేకపోలేదు.

మొదటి ట్యాంకు

కారు వచ్చిన మర్నాడే గొట్టం దానంతట అది ఆగేదాకా ట్యాంకు నింపించి, మీటరు అంకె క్యాలెండరు మీద రాశాం. వారం తిరిగాక అదే బంకులో మళ్లీ అలాగే నింపించాం. 402 కిలోమీటర్లకు 22.6 లీటర్లు పట్టింది. లీటరుకు 17.8. బావమరిది మొహం చిన్నబోయింది. మెకానిక్ టైర్లలో గాలి చూస్తే రెండింట్లో తక్కువ ఉంది. సరిచేసి, యాభై, అరవై మధ్య వేగం దాటించవద్దని చెప్పి పంపాడు. రెండో ట్యాంకుకు 18.6 వచ్చింది.

ఈ ధనుర్మాసంలో మంచు పట్టిన రోజున పంతులుగారు అరగంట ఆలస్యంగా బయలుదేరుదామన్నారట. ముగ్గురూ ఒప్పుకున్నారు. బడికి ఆలస్యమైనందుకు పంతులుగారికి ఆ పూట సగం జీతం కోశారు. మర్నాడు కూడా మంచు పట్టింది. ఆ రోజూ అరగంట ఆగే వెళ్లారు.