మీకు తెలుసా? గాలి మళ్లించిన మజిలీ

వేసవిలో గ్రీసు దీవులకు క్రూయిజ్ ఎక్కినవాళ్లు బ్రోచర్‌లో ఉన్న ఊళ్లన్నీ చూస్తారన్న పూచీ లేదు. జులై, ఆగస్టు నెలల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది. ఆకాశంలో మబ్బుతునక ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది, సముద్రం మాత్రం నురగలు కక్కుతుంది. మికొనోస్ దీవిలో ఆగడం క్షేమం కాదనిపిస్తే కెప్టెన్ ఓడను వేరే రేవుకు మళ్లిస్తాడు. అలాంటప్పుడు తగిలే రేవుల్లో ఒకటి, పక్కనున్న సిరోస్ దీవిలోని ఎర్మూపోలి.

ఈ గాలికీ మన వానలకూ చుట్టరికం ఉందని మీకు తెలుసా? నైరుతి రుతుపవనాల కాలంలో ఆసియా మీద ఏర్పడే అల్పపీడనం పడమటికి టర్కీ దాకా పాకుతుంది. అటు బాల్కన్ల మీద అధికపీడనం. ఈ రెంటి నడుమ ఏజియన్ ఇరుకు సందైపోతుంది, గాలి అందులోంచి దూసుకొస్తుంది. ప్రాచీన గ్రీకులు దీన్ని 'ఎటేసియై' అన్నారు, ఏడాదికోసారి వచ్చేదని. వాళ్ల భాషలో 'ఎటోస్' అంటే సంవత్సరం. మన 'ఏటేటా'కు దీంతో సంబంధం లేదు లెండి, చెవికి మాత్రం ఇంపుగా ఉంది.

ఎర్మూపోలిలో దిగినవాళ్లు మొదట తెల్లబోతారు. పోస్టుకార్డుల్లో కనిపించే సున్నం ఇళ్లు ఏవి? ఇక్కడ పాలరాయి పరిచిన పెద్ద చౌకు, ఎర్న్‌స్ట్ జిల్లర్ అనే వాస్తుశిల్పి గీసిన రాజప్రాసాదం లాంటి టౌన్‌హాలు, 1864లో తెరిచిన అపోలో నాటకశాల ఉంటాయి. పర్యాటకుల కోసం కట్టిన ఊరు కాదిది, కట్టింది కాందిశీకులు. గ్రీకు స్వాతంత్ర్య పోరాటంలో 1822లో కియోస్, 1824లో ప్సారా దీవులు ఊచకోతకు గురైతే, బతికి బయటపడ్డవాళ్లలో చాలామంది ఇక్కడ చేరారు. వర్తకులకూ బాటసారులకూ దేవుడైన హెర్మెస్ పేరు ఊరికి పెట్టుకున్నారు. ఓడలు కట్టారు, అమ్మారు, కొన్నాళ్లకు ఈ చిన్న ఊరే గ్రీసులోకెల్లా పెద్ద రేవైంది. తర్వాత ఆ వైభవాన్ని పిరేయస్ రేవు లాగేసుకుంది. ఆ కాందిశీకుల మూటల్లో వచ్చిన లుకుమి మిఠాయి మాత్రం నేటికీ ఊరి గుర్తు. బాదం దట్టించిన హల్వదోపిత ఇంకోటి. ఆ పేరులోని 'హల్వా' మనకు కొత్తేం కాదు.

ఇంకో విచిత్రం: ఎన్‌ఫీల్డ్ 8000 అనే ఎలక్ట్రిక్ కారు 1970లలో ఈ దీవిలో తయారైంది. అమ్ముడుపోయినవి బహు తక్కువ.

అన్నిటికన్నా నాకు నచ్చే ముచ్చట ఊళ్లోని కోయిమేసిస్ చర్చిది. అక్కడ మరియ మాత నిర్యాణ ఘట్టం గీసిన పాత పటం ఒకటుంది. ప్సారా నుంచి వచ్చినవాళ్లు తెచ్చుకున్నదని చెబుతారు. 1983లో నిపుణులు పరిశీలిస్తుంటే, బొమ్మలోని దీపస్తంభం అడుగున ఒక సంతకం బయటపడింది: దొమేనికోస్ థియోటోకోపులోస్. లోకానికి ఎల్ గ్రెకోగా తెలిసిన చిత్రకారుడి అసలు పేరది. ఇన్నేళ్లూ గీసిందెవరో తెలియకుండానే ఊరివాళ్లు ఆ పటం ముందు కొవ్వొత్తులు వెలిగించారు. పటం ఇప్పటికీ ఆ చర్చిలోనే ఉంది.