కొన్న ప్రతి ఎవరిది?

1904లో అమెరికాలో బాబ్స్-మెరిల్ అనే ప్రచురణ సంస్థ 'ది కాస్ట్‌అవే' అనే నవలను వెలువరించింది. కాపీరైటు ప్రకటన కిందనే ఒక హెచ్చరిక కూడా అచ్చువేసింది. పుస్తకం చిల్లర ధర ఒక డాలరు, అంతకు తక్కువకు అమ్మే అనుమతి ఏ వర్తకుడికీ లేదు, అమ్మితే కాపీరైటు ఉల్లంఘనగా పరిగణిస్తాం అని దాని సారాంశం. న్యూయార్కులోని మేసీస్ దుకాణం ఆ నవలను 89 సెంట్లకే అమ్మింది. తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది. పుస్తకాన్ని ముద్రించి అమ్ముకునే హక్కు కాపీరైటు ఇస్తుందనీ, అమ్మేసిన ప్రతి వెంట షరతులు పట్టుకుని తిరిగే హక్కు మాత్రం ఇవ్వదనీ 1908లో కోర్టు తేల్చి చెప్పింది.

దీన్ని 'తొలి అమ్మకం' సూత్రం అంటారు. పాత పుస్తకాల అంగళ్లు నడుస్తున్నా, మనం చదివిన పుస్తకాన్ని మరొకరి చేతిలో పెడుతున్నా ఆ స్వేచ్ఛ వెనుక ఈ సూత్రమే ఉంది. రాసినవాడి హక్కు ఎక్కడ ముగుస్తుందో, కొన్నవాడి హక్కు ఎక్కడ మొదలవుతుందో చెప్పే గీత ఇది.

నవల మీద చెల్లని ఆ హెచ్చరిక ఈనాడు కంప్యూటరు ప్రోగ్రాం మీద చెల్లుతున్నది. కంప్యూటరును నడిపించే మూల ప్రోగ్రాంను ఆపరేటింగ్ సిస్టం అంటారు. దాన్ని డబ్బిచ్చి కొన్నవాడు తనకు నచ్చిన యంత్రంలో పెట్టుకోవచ్చునా? తయారీదారు ఒప్పుకోని యంత్రంలో పెట్టుకుంటే నేరమా? పైకి ఇది సాంకేతిక నిపుణులకు సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది. రచయితలకు, సాహిత్య విద్యార్థులకు దీనితో ఏమి పని అనిపించవచ్చు. పని ఉంది. ఈ ప్రోగ్రాంలను చట్టం 'సాహిత్య కృతులు'గానే గుర్తించింది. అంటే రచయిత పేరు మీద పుట్టిన హక్కే ఇక్కడ ప్రయోగమవుతున్నది.

ముందుగా ఒక గందరగోళాన్ని తొలగించుకోవాలి. 'మద్దతు లేని యంత్రం' అనే మాటకు రెండు వేరువేరు అర్థాలున్నాయి. ఆ యంత్రం మీద మా ప్రోగ్రాంను పరీక్షించలేదు, చెడిపోతే మాకు పూచీ లేదు అని కంపెనీ చెప్పడం మొదటి అర్థం. ఆ యంత్రం మీద వాడే అనుమతే నీకు లేదు అని చెప్పడం రెండవది. 2021లో వచ్చిన విండోస్ 11కు కొన్ని కనీస అర్హతలు పెట్టిన మైక్రోసాఫ్ట్, అవి లేని యంత్రాలకు నవీకరణలు అందుతాయన్న హామీ లేదని చెప్పింది. లైసెన్సు కొన్నవాడు పాత యంత్రంలో దాన్ని పెట్టుకుంటే, అర్హత లేదన్న ఒక్క కారణంతో అది చట్టవిరుద్ధం కాదు. నష్టం వస్తే భరించుకోవలసిందే. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసిన తర్వాత ఎందరికో ఎదురైన సమస్య ఈ మొదటి కోవలోదే. యాపిల్ కంపెనీ మ్యాక్ వ్యవస్థ సంగతి వేరు. యాపిల్ ముద్ర ఉన్న యంత్రంలో తప్ప మరెక్కడా పెట్టరాదని దాని లైసెన్సు ఒప్పందమే అంటున్నది. ఇది రెండవ కోవ. యాపిల్ వదిలేసిన పాత యాపిల్ యంత్రంలోనే కొత్త కూర్పును పెట్టుకునేవాడు ఈ ముద్ర షరతును దాటడం లేదని కూడా గమనించాలి.

అసలు ఇటువంటి షరతుకు బలం ఎక్కడినుంచి వచ్చింది? ఒక పుస్తకాన్ని చదవాలంటే దానికి నకలు తీయనక్కరలేదు. ప్రోగ్రాం అలా కాదు. దాన్ని నడపాలంటే డిస్కులోకీ, తర్వాత యంత్రపు జ్ఞాపకశక్తిలోకీ నకలు తీయక తప్పదు. జ్ఞాపకశక్తిలోకి ఎక్కించడం కూడా నకలు తీయడమేనని 1993లో 'మాయ్ వర్సెస్ పీక్' కేసులో అమెరికా తొమ్మిదవ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు అన్నది. నకలు తీసే హక్కు కాపీరైటుదారుడిది. కాబట్టి ప్రోగ్రాం విషయంలో ప్రతి వాడకమూ అతని గుమ్మం ముందు నిలబడవలసిన పనే అయింది. ఈ చిక్కును ముందే గుర్తించి అమెరికా శాసనసభ 1980లో ఒక మినహాయింపు ఇచ్చింది. ప్రతికి 'యజమాని' అయినవాడు దాన్ని నడపడానికి అవసరమైన నకలు తీసుకోవచ్చు.

కంపెనీల ఎత్తుగడ అంతా ఆ 'యజమాని' అనే ఒక్క మాట చుట్టూ తిరిగింది. మేము ప్రతిని అమ్మలేదు, వాడుకునే అనుమతి మాత్రమే ఇచ్చాము అన్నారు. దుకాణంలో ధర చెల్లించి పెట్టె ఇంటికి తెచ్చుకున్నవాడు, ఈ వాదన ప్రకారం, యజమాని కాదు. 2010లో 'వెర్నర్ వర్సెస్ ఆటోడెస్క్' కేసులో తొమ్మిదవ సర్క్యూట్ దీన్ని ఆమోదించింది. కంపెనీ దాన్ని లైసెన్సు అని పేర్కొన్నదా, బదిలీని గణనీయంగా కట్టడి చేసిందా, వాడకానికి చెప్పుకోదగ్గ ఆంక్షలు పెట్టిందా అన్నవి చూడమన్నది. ఈ మూడూ ఉంటే కొన్నవాడు అనుమతి పొందినవాడే తప్ప యజమాని కాడు. అంటే ఆంక్షలు ఎంత గట్టిగా రాసుకుంటే కంపెనీ హక్కు అంత గట్టిపడుతుంది. 1908లో ప్రచురణకర్త ఒక్క వాక్యం రాసి ఓడిపోయాడు. వంద వాక్యాలు రాసినవాడు గెలిచాడు.

మన ప్రశ్నకు నేరుగా తగిలే కేసు 'యాపిల్ వర్సెస్ సైస్టార్'. 2006లో యాపిల్ తన కంప్యూటర్లలో ఇంటెల్ ప్రాసెసర్లు వాడటం మొదలుపెట్టాక, వాటికీ బజారులో దొరికే మామూలు యంత్రాలకూ తేడా బాగా తగ్గిపోయింది. ఫ్లోరిడాలోని సైస్టార్ అనే చిన్న సంస్థ 2008లో మ్యాక్ వ్యవస్థ నడిచే చవక కంప్యూటర్లను, సుమారు 400 డాలర్ల ధర నుంచి, అమ్మకానికి పెట్టింది. ప్రతి యంత్రంతోపాటు డబ్బు పెట్టి కొన్న అసలు డిస్కును కూడా విప్పకుండా పెట్టెలో ఉంచింది. యాపిల్‌కు రావలసిన ధర యాపిల్‌కు చేరింది, ఇంకేమి నష్టం అన్నది దాని వాదన. అదే ఏడాది జులైలో యాపిల్ కోర్టుకెక్కింది.

2009 నవంబరులో న్యాయమూర్తి విలియం ఆల్సప్ యాపిల్ పక్షాన తీర్పు చెప్పారు. అయితే ఆ తీర్పు దేని మీద నిలబడిందో చూడాలి. పెట్టెలోని డిస్కు వేరు, యంత్రంలో ఎక్కించినది వేరు. సైస్టార్ ఒక మూల నకలు తయారుచేసి, దానికి తన సొంత భాగాలు చేర్చి, దాన్నే అన్ని యంత్రాల్లోకీ ఎక్కించింది. అనుమతి లేని నకలుకు తొలి అమ్మకం సూత్రం రక్షణ ఇవ్వదు. ఆపైన, యాపిల్ యంత్రం కాకపోతే వ్యవస్థ తెరుచుకోకుండా పెట్టిన తాళాన్ని సైస్టార్ తప్పించుకున్నది. 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైటు చట్టం కింద అది మరో తప్పు. డిసెంబరులో శాశ్వత నిషేధపు ఉత్తరువు వచ్చింది. ఈ షరతు కాపీరైటు దుర్వినియోగమన్న సైస్టార్ వాదనను 2011 సెప్టెంబరులో తొమ్మిదవ సర్క్యూట్ తోసిపుచ్చింది. యాపిల్ షరతు పోటీ యంత్రాలు గానీ, పోటీ ప్రోగ్రాంలు గానీ తయారు చేయవద్దని ఎవరినీ అడ్డుకోవడం లేదు కదా అన్నది కోర్టు.

ఆ తీర్పులో ప్రతివాది ఒక వ్యాపార సంస్థ. తన ఇంట్లో, తాను కొన్న ప్రతిని, తన యంత్రంలో పెట్టుకున్న ఒంటరి మనిషి ఆ కోర్టు ముందు లేడు. అతని పని ఒప్పందానికి విరుద్ధమనడంలో సందేహం లేదు. అతడు యజమాని కాడనే వాదన నిలిచే చోట కాపీరైటు ఉల్లంఘన కూడా కావచ్చు. కానీ ఒప్పందాన్ని మీరడమూ, కాపీరైటును మీరడమూ, తాళం తప్పించడమూ మూడు వేరువేరు ప్రశ్నలు. వీటన్నిటినీ కలిపి 'దొంగతనం' అనే ఒక్క మాటతో కొట్టేయడం వాడుకరిని భయపెట్టడానికి పనికొస్తుంది గాని విషయాన్ని అర్థం చేసుకోవడానికి పనికిరాదు.

ఇది తప్ప మరో దారి లేదనుకోవడం కూడా పొరపాటే. డేటా జనరల్ అనే కంపెనీ తన ఆపరేటింగ్ సిస్టంను తన నోవా ప్రాసెసర్లు కొన్నవారికే ఇచ్చేది. ఇది చట్టవిరుద్ధమైన ముడివేత అని ఇదే తొమ్మిదవ సర్క్యూట్ 1984లో అన్నది. కాపీరైటు ఉంటే మార్కెట్ మీద పట్టు ఉన్నట్టే అనే భావన ఆ తీర్పుకు ఆధారం. తర్వాతి కాలంలో ఆ భావనే సడలిపోయింది. పేటెంటు ఉన్నంత మాత్రాన మార్కెట్ ఆధిపత్యం ఉన్నట్టు కాదని 2006లో సుప్రీంకోర్టు అన్నది. 2008లో సైస్టార్ గుత్తాధిపత్య ఆరోపణతో ఎదురు దావా వేస్తే, మ్యాక్ వ్యవస్థ ఒక్కటే ప్రత్యేక మార్కెట్ కాదంటూ కోర్టు కొట్టివేసింది. ఐరోపాలో గాలి మరోలా వీచింది. కాలపరిమితి లేకుండా ధర తీసుకుని ఇచ్చిన ప్రోగ్రాం ప్రతిని, దానికి లైసెన్సు అని పేరు పెట్టినా, అమ్మినట్టే లెక్క అని 2012లో 'యూజ్‌డ్‌సాఫ్ట్ వర్సెస్ ఒరాకిల్' కేసులో ఐరోపా న్యాయస్థానం చెప్పింది.

మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టంలోకి కంప్యూటరు ప్రోగ్రాంలు 1984 సవరణతో వచ్చి, సాహిత్య కృతుల వరసలో చేరాయి. 52వ సెక్షను ఇచ్చే మినహాయింపులో 'యజమాని' అన్న మాట లేదు. ప్రతిని న్యాయబద్ధంగా కలిగి ఉన్నవాడు, అది ఏ ప్రయోజనానికి సరఫరా అయిందో ఆ ప్రయోజనానికి నకలు తీసుకోవచ్చునని ఉంది. ఇక్కడ తగవు 'ప్రయోజనం' అన్న మాట దగ్గరికి జరుగుతుంది. కంప్యూటరును నడపడమే ప్రయోజనమా, ఫలానా కంపెనీ కంప్యూటరును నడపడమా? 2012లో చేర్చిన 65-ఎ సెక్షను తాళం తప్పించడాన్ని శిక్షార్హం చేసింది గాని, కాపీరైటును ఉల్లంఘించాలనే ఉద్దేశం ఉండాలన్నది.

మరో విచిత్రం చూడండి. డిస్కులో నింపి అమ్మే ప్రోగ్రాం సరుకేనా, దాని మీద అమ్మకపు పన్ను వేయవచ్చునా అన్న ప్రశ్న 'టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం' కేసులో వచ్చింది. అది సరుకేనని 2004లో మన సుప్రీంకోర్టు చెప్పింది. అది పన్నుల తగాదా, కొనుగోలుదారు హక్కును నేరుగా తేల్చలేదన్న మాట నిజమే. అయినా వైరుధ్యం స్పష్టం. పన్ను వసూలు చేసేటప్పుడు అది అమ్మిన సరుకు. కొన్నవాడు హక్కు అడిగేటప్పుడు అది అద్దెకిచ్చిన అనుమతి.

అదే కాపీరైటును ఇందుకు పూర్తిగా వ్యతిరేక దిశలో నడిపినవారూ ఉన్నారు. 1989లో వెలువడిన గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు ప్రోగ్రాంను ఏ యంత్రం మీద నడుపుతున్నావని అడగదు. నీవు మార్చి పంచితే ఆ స్వేచ్ఛను ఇతరులకూ పంచు అని మాత్రమే కోరుతుంది. షరతు పెట్టడమే తప్పు కాదు. ఆ షరతు ఎవరి స్వేచ్ఛను కాపాడుతున్నదన్నదే చూడవలసినది.

2020 నుంచి యాపిల్ తన సొంత ప్రాసెసర్లకు మారింది. ఇంటెల్ యంత్రాలపై నడిచే చివరి కూర్పు 2025 నాటి టాహో అని తానే ప్రకటించింది. కాబట్టి చట్టం సగం మూసిన తలుపును సాంకేతికత పూర్తిగా మూయబోతున్నది. కానీ ఆ తలుపు దగ్గర స్థిరపడిన సూత్రం అక్కడితో ఆగలేదు. 2009లో ఆర్వెల్ నవల 'నైన్‌టీన్ ఎయిటీ ఫోర్' ప్రతులను, అమ్మకందారుకు హక్కుల్లేవన్న కారణంతో, కొన్నవారి కిండిల్ యంత్రాల నుంచి అమెజాన్ దూరం నుంచే చెరిపేసింది. ధర తిరిగి ఇచ్చింది, నిజమే. కానీ అచ్చు పుస్తకం విషయంలో ఏ ప్రచురణకర్తా పాఠకుని అలమారా తెరవలేడు.

రచయితకు తన కృతి మీద హక్కు ఉండాలి. ఆ హక్కు కోసం రచయితలు చేసిన పోరాటం న్యాయమైనదే. అయితే ఆ హక్కు పాఠకుని ఇంట్లోకి చొరబడే అధికారంగా మారినప్పుడు, దానివల్ల లాభపడేది రచయిత కాదు. 1908లో గీసిన గీత పాఠకునిది. దాన్ని చెరుపుతున్నది మన పేరు మీద పుట్టిన చట్టమే కాబట్టి, ఆ గీతను గురించి ముందుగా మాట్లాడవలసిన వాళ్లం కూడా మనమే.