ఆలేరు ఇసుక, అండమాన్ ఇసుక

మన ఆలేరు వాగు ఇసుకను శుభ్రంగా కడిగి, గుప్పెడు తీసి దాని మీద నిమ్మకాయ పిండండి. ఉలకదు, పలకదు. అండమాన్‌లోని శహీద్ ద్వీప్‌లో, లక్ష్మణ్‌పూర్ తీరంలో కూర్చుని అదే పని చేస్తే ఇసుక బుసబుసా పొంగుతుంది. మొదటిది మన నల్లరాతి బండలు అరిగి మిగిలిన పలుగురాయి. దాన్ని పులుపు ఏమీ చేయలేదు. రెండోది ఒకప్పుడు ప్రాణమున్నది. పగడాల పెంకులు, గవ్వల ముక్కలు నలిగి అయిన సున్నం. అందులో కొంత చిలుకచేప కడుపులోంచి వచ్చిందే. ఆ చేప పగడపు బండను పళ్లతో గీరి, నమిలి, అందులోని నాచును అరిగించుకుని మిగిలిన పిండిని తెల్లటి ఇసుకగా విసర్జిస్తుంది. జనం ఫొటోలు దిగే తెల్లటి బీచ్‌ల వెనక ఇంత కథ ఉంది.

ద్వీపం నుంచి ద్వీపానికి వారం రోజుల ఓడ ప్రయాణం అనగానే మనవాళ్లకు మాల్దీవులు, కరీబియన్ గుర్తొస్తున్నాయి. తెలుగు నేలకు దగ్గరి దారి విశాఖ రేవు నుంచే ఉంది. అక్కడి నుంచి అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌కు ప్రభుత్వ ప్రయాణికుల ఓడలు నడుస్తాయి. 2024 సెప్టెంబరు నుంచి ఆ ఊరి పేరు శ్రీవిజయపురం. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారైన స్వరాజ్ ద్వీప్ ఓడ కూడా ఈ దారిలో తిరిగినదే. రెండు రోజులు దాటే ప్రయాణం. విలాసం కోరుకునేవాళ్లకు ఇది సరిపడదు, సముద్రం చూడాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచిది లేదు. దిగాక ద్వీపాల మధ్య తిరగడానికి ఫెర్రీలు, వేగంగా పోయే కాటమరాన్‌లు ఉన్నాయి. బజారులో తెలుగు వినిపిస్తే ఆశ్చర్యపోవద్దు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపాల్లో వందలో దాదాపు 13 మందికి తెలుగే మాతృభాష. ఎక్కువమంది మూలాలు ఉత్తరాంధ్రవి.

గడియారం మాత్రం మనల్ని మోసం చేస్తుంది. దేశమంతటికీ ఒకటే సమయం కదా. ఆలేరు 79 డిగ్రీల రేఖాంశం దగ్గర, శ్రీవిజయపురం 93కు కొంచెం ఇటు ఉన్నాయి. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన సూర్యుడు అక్కడ నడినెత్తికి దాదాపు 55 నిమిషాలు ముందే వస్తాడు. చలికాలంలో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడటానికి ఇదే కారణం. తీరాలు చూడాలంటే తెల్లవారుజామునే లేవాలి.

అసలు ఆ ద్వీపాలు అక్కడ ఎందుకున్నాయి? జవాబు ఆలేరు కిందే ఉంది. మన ఊరి బండలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. అవి కూర్చున్న భారత ఫలకం ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యంగా కదులుతోంది. మన నేల, దాని వెంట బంగాళాఖాతం అడుగు, అంతా ఒకే ముక్క. ఆ ముక్క తూర్పు అంచు అండమాన్‌కు పడమటి వైపున బర్మా ఫలకం కిందికి దూరిపోతోంది. దూరేటప్పుడు దాని మీదున్న మట్టి మొత్తం లోపలికి పోదు. గుంటక కొడుతుంటే పాస ముందు మట్టి, గడ్డి పోగుపడుతుంది చూడండి, అట్లా పైఫలకం అంచు దగ్గర సముద్రపు ఒండ్రు గీరుకుపోయి కుప్పపడింది. ఆ కుప్ప నీటి పైకి తేలిన శిఖరాలే అండమాన్ ద్వీపాలు. మయన్మార్‌లోని అరకాన్ కొండల వరుసే దక్షిణంగా నీళ్లలో దిగి ఇక్కడ మళ్లీ తల ఎత్తిందన్నమాట. ఈ రాళ్లలో ఎక్కువ భాగం పది కోట్ల ఏళ్ల లోపువే.

కిందికి పోయిన ఫలకం ఊరికే ఉండదు. సుమారు వంద కిలోమీటర్ల లోతుకు చేరేసరికి దాని రాళ్లలో బందీగా ఉన్న నీరు బయటికి వస్తుంది. నీరు తగిలిన వేడి రాయి తక్కువ ఉష్ణోగ్రతకే కరుగుతుంది. ఆ కరిగిన రాయి పైకి తన్నుకొచ్చిన చోటే బారెన్ ద్వీపం. మన దేశంలో ఇప్పటికీ రగులుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. 1787లో అది పేలినట్టు రాతపూర్వకంగా నమోదైంది. తర్వాత చాలాకాలం పడుకుని 1991లో లేచింది. నీటి పైన కనిపించేది 350 మీటర్లకు కాస్త ఎక్కువ, నీటి అడుగున మిగిలింది రెండు కిలోమీటర్ల పైమాటే. ద్వీపం మీద దిగనివ్వరు, ఓడలోంచే చూడాలి. బారాటాంగ్‌లోని మట్టి అగ్నిపర్వతాలు వేరు. వాటిలో నిప్పు లేదు, లోపలి వాయువు బురదను పైకి నెడుతుందంతే. అక్కడికి రోడ్డు దారి జారవా ఆదివాసుల అడవి గుండా పోతుంది. వాళ్లను చూసే ఆశతో ఆ దారి పట్టేవాళ్లు ఇంట్లో ఉండటమే మేలు. ఫొటో తీయడం నేరం కూడా.

ఫలకాలు ఎప్పుడూ సాఫీగా జారవు. కొన్ని వందల ఏళ్లు పట్టుకుని ఉండి, ఒక్కసారి విడిపోతాయి. 2004 డిసెంబరు 26న దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవున విడిపోయాయి. భూకంప తీవ్రత 9.1. ఉత్తర అండమాన్ పైకి లేచి పగడపు దిబ్బలు బయటపడ్డాయి, శ్రీవిజయపురం వైపు నేల దాదాపు మీటరు కుంగింది. సిప్పీఘాట్‌లో పొలాలు ఉప్పునీళ్ల పాలయ్యాయి. ఇంకా దక్షిణాన, గ్రేట్ నికోబార్ కొసన ఉన్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగింది. ఒడ్డునున్న దీపస్తంభం మొదలు నీళ్లలోకి పోయింది.

మన ప్రాంతం రైతుకు ఆసక్తి కలిగించేది నీళ్ల సంగతి. ఆలేరులో బోరు వేస్తే రాతి పగులు దొరికితేనే నీళ్లు, లేకపోతే దుమ్ము. చుట్టూ ఉప్పు సముద్రమున్న చిన్న ద్వీపంలో నాలుగు బారల బావిలో మంచినీళ్లు ఎట్లా? సున్నపురాయి వాననీటిని పీల్చుకుంటుంది. మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక కాబట్టి దాని మీద తేలుతూ నిలుస్తుంది. సముద్ర మట్టానికి మీటరు ఎత్తున మంచినీరుంటే, కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే అని లెక్క. తిరగేసి చూడండి: మోటార్లు పెట్టి పైన ఒక్క మీటరు తోడేస్తే కింది నుంచి ఉప్పు 40 మీటర్లు ఎగబాకుతుంది. హోటల్ గదిలో కుళాయి విప్పేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

పగడాల పరిస్థితీ అంతే నాజూకు. పగడపు జీవి ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముంటుంది, ఎండతో తిండి వండి పెడుతుంది. నీరు మామూలుకన్నా ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి వారాల తరబడి అట్లాగే ఉంటే ఆ నాచు వెళ్లిపోతుంది, పగడం తెల్లగా పాలిపోతుంది. అండమాన్‌లో 1998లో, 2010లో ఇది పెద్దఎత్తున జరిగింది. పగడాలకు ఇంకో బెడద చేరకుండా ఇప్పుడు జాలీ బోయ్ ద్వీపానికి ప్లాస్టిక్ తీసుకుపోనివ్వరు.

పోవాలనుకుంటే నవంబరు నుంచి ఏప్రిల్ మధ్య పొండి. నిమ్మకాయ పరీక్ష తీరంలోనే చేసి, ఇసుకను అక్కడే వదిలేయండి. పగడం ముక్క చచ్చిందైనా సరే సంచిలో వేసుకోవద్దు. పగడాలకు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పులితో సమానంగా చోటిచ్చారు.