దీర్ఘమైన సెలవు

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండియు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల తెలుగువారు ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనికి వచ్చి స్థిరపడిరి. రైల్వే ఉద్యోగికి ఏటా 30 దినముల పూర్తి జీతపు సెలవు కలదు. వాడనిది 300 దినముల వరకు నిలువ చేసికొని, ఉద్యోగ విరమణనాడు సొమ్ముగా పొందవచ్చును. కూతురి పెండ్లికో, ఇంటికో ఆ సొమ్ము పనికివచ్చునని ఏండ్ల తరబడి సెలవు ముట్టనివారు పెక్కురు. వారి అవసరమును కాదనలేము. కాని శరీరము అంతకాలము ఆగదు. రాత్రి డ్యూటీలు చేయువాని దేహము మరల పగటి వేళలకు అలవడుటకు పలు దినములు పట్టును. వారపు సెలవు ఒక్కటి చాలదు.

కావున నిలువలో కొంత మిగుల్చుకొనియే, ఆరోగ్యముగా నున్నప్పుడే ఒక నెల వరుసగా తీసికొనుడు. మొదటి వారము నిద్రకే విడువుడు. ఇంటి మరమ్మతులు అప్పుడు పెట్టుకొనరాదు. పిదప బిడ్డలకు తెలుగు అక్షరములు నేర్పుటయో, తాము బంగాళీ చదువ నేర్చుటయో సాగింపవచ్చును. ఇంత విశ్రమించినను అలసట తీరనిచో రైల్వే ఆసుపత్రిలో చూపించుకొనవలెను.