కాకి ఎండలో నోరెందుకు తెరుస్తుంది?

వేసవి సెలవుల చివర్లో ఊరి నుంచి మామయ్య వచ్చాడనుకోండి. పొద్దున్నే మూసారాంబాగ్ వంతెన దగ్గర మూసీలో కొంగల్ని, నీటికాకుల్ని చూశారు. అక్కడి నుంచి ఎల్బీనగర్ మీదుగా వనస్థలిపురం వెళ్లారు. 1975లో ఏర్పడిన మహావీర్ హరిణ వనస్థలి అక్కడే ఉంది. పేరు జింకలదైనా నెమళ్లకూ కొదవలేదు. ఎండ ముదిరేసరికి ఓ కాకి నోరు తెరుచుకుని, అరవకుండా కొమ్మ మీద కూర్చుంది.

"దాహమేస్తోందా మామయ్యా?"

దాహం కావచ్చు గానీ, అసలు సంగతి వేరు. ఎండలో మనకు చెమట పడుతుంది. అది ఆరుతూ ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. పక్షులకు చెమటే పట్టదు! పైగా ఒళ్లంతా ఈకలు. వాటి ఒంటి వేడి మామూలుగానే దాదాపు 40 డిగ్రీలు.

ఇంట్లో మట్టికుండ చూడండి. గోడల్లోంచి ఊరిన నీరు బయట ఆరుతూ లోపలి నీళ్లను చల్లబరుస్తుంది. కాకి గొంతులోనూ ఇదే జరుగుతుంది. గబగబా ఊపిరి తీస్తుంటే నోట్లోని తడి ఆవిరై, అక్కడి రక్తం చల్లబడుతుంది. నీటికాకులైతే గొంతు కింది చర్మాన్ని మాత్రమే చకచకా వణికిస్తాయి. రొప్పడం కన్నా అది తేలిక.

తొలకరి ముందు ఉక్కపోతలో గాలి నిండా తేమే. తడి త్వరగా ఆరదు. కుండనీళ్లూ అంత చల్లబడవు, కాకికీ అవస్థే.

పెద్ద కొంగల్లో కొన్ని ఇంకా గడుసువి. తమ కాళ్ల మీద తామే పల్చగా రెట్ట వేసుకుంటాయి. అది ఆరుతుంటే కాళ్లు చల్లబడతాయి. ఈ ముక్క మాత్రం మామయ్య అన్నం తినేటప్పుడు చెప్పకండి.